ఇరుసు విరిగితే చక్రం ఊడిపోవాల్సిందేనా? వెర్సాయ్ రైలు నుంచి ఫోర్డ్ మోడల్ టి దాకా

వందేళ్ల నాటి ఫోర్డ్ మోడల్ టి కారు ఒకటి రోడ్డు మీద గంటకి 50 కిలోమీటర్ల స్పీడులో పోతోందనుకోండి. ఉన్నట్టుండి వెనక నుంచి ఒక చక్రం దొర్లుకుంటూ వచ్చి మిమ్మల్ని ఓవర్‌టేక్ చేసి పోతుంది. ఎవరిదబ్బా ఈ చక్రం అనుకునేలోపే మీ కారు వెనక మూల దబ్బున రోడ్డు మీద కూలబడుతుంది. ఆ చక్రం మీదే! సినిమా కామెడీ సీన్ లాగా ఉంది కదా. కానీ వింటేజ్ కార్లు నడిపేవాళ్లకి ఇది నిజమైన భయం. లోపల ఇరుసు విరుగుతుంది, చక్రం, హబ్, బ్రేకు డ్రమ్ము అన్నీ కలిసి ఒక్క ముక్కగా బయటికి వచ్చేస్తాయి.

ఇక్కడ మనం అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఇరుసు విరగడం వేరు, చక్రం ఊడిపోవడం వేరు. మొదటిది జరిగితే రెండోది కూడా జరిగి తీరాలా? అక్కర్లేదు. ఆ రెండిటినీ ముడిపెట్టింది ఇంజనీర్లు తీసుకున్న ఒక నిర్ణయం. ఆ నిర్ణయం ఏంటో అర్థం కావాలంటే మనం ముందు ఎడ్లబండి చూడాలి, తర్వాత రైలు ఎక్కాలి, ఆ తర్వాతే కారు దగ్గరికి రావాలి.

ఎడ్లబండిలో ఇరుసు తిరగదు. అది బండికి కట్టేసి ఉంటుంది, దాని చివర చక్రం మాత్రం తిరుగుతుంది. చక్రం జారిపోకుండా బయట ఒక శీల కొడతారు. బరువు మోసేది ఇరుసు, చక్రాన్ని ఆపేది శీల. పనులు పంచుకున్నాయి అన్నమాట. శీల ఊడితే ప్రమాదమే, కానీ శీల కంటికి కనిపిస్తూ ఉంటుంది. బయల్దేరే ముందు రైతు ఒక్క చూపు చూసి, వదులైతే రాయితో రెండు దెబ్బలు వేస్తాడు.

రైలు వచ్చాక ఈ ఏర్పాటు మారిపోయింది. రైలు చక్రాలు రెండూ ఇరుసుకి గట్టిగా బిగించి ఉంటాయి, ఇరుసు కూడా వాటితో పాటే తిరుగుతుంది. ఏముంది, తిరిగితే తిరగనీ అనుకున్నారు. ఆ తిరగడంలోనే ఏదో ఉందని ప్రపంచానికి తెలిసింది 1842 మే 8న.

ఆ రోజు ఆదివారం. ఫ్రాన్స్ రాజు లూయీ ఫిలిప్ పేరు పండగ సందర్భంగా వెర్సాయ్‌లో వేడుకలు జరిగాయి. ఫౌంటెన్లు చూసిన జనం సాయంత్రం కిక్కిరిసిన రైల్లో పారిస్‌కి తిరుగు ప్రయాణమయ్యారు. ముందు రెండు ఇంజన్లు. మ్యూడాన్ దగ్గరకి రాగానే మొదటి ఇంజన్ ఇరుసు విరిగింది. ఇంజన్ పట్టాలు తప్పింది, వెనక ఇంజను, పెట్టెలు దాని మీదికి ఎక్కేశాయి, బొగ్గు నిప్పులకి చెక్క పెట్టెలు అంటుకున్నాయి. ఆ రోజుల్లో ప్రయాణికులు దూకకుండా పెట్టెలకి బయట నుంచి తాళాలు వేసేవాళ్లు. లోపలున్నవాళ్లు బయటికి రాలేకపోయారు. 50 మందికి పైగా చనిపోయారు. ఎంతమంది అన్నది సరిగ్గా తేలలేదు, ఎందుకంటే లెక్కపెట్టడానికి కూడా మిగలనంతగా కాలిపోయారు.

చనిపోయినవాళ్లలో డ్యూమాంట్ డర్విల్ అనే నావికుడు ఉన్నాడు. ఓడలో అంటార్కిటికా దాకా వెళ్లి బతికొచ్చిన మనిషి. ఇప్పుడు లూవ్ర్ మ్యూజియంలో ఉన్న వీనస్ డి మైలో విగ్రహం ఫ్రాన్స్‌కి దక్కడంలో ఇతని పాత్ర కూడా ఉంది. మంచు సముద్రాలు ఏమీ చెయ్యలేకపోయాయి గానీ, పండగ చూసి ఇంటికొస్తుంటే భార్యతో, కొడుకుతో సహా ఈ రైల్లో పోయాడు. ఆయన సముద్రయాత్రలో పాల్గొన్న డ్యూమూటియే అనే వ్యక్తి పుర్రె ఆకారాన్ని బట్టి ఆయన్ని గుర్తుపట్టాడు. ఆ తర్వాత ఫ్రాన్స్‌లో పెట్టెలకి తాళాలు వెయ్యడం మానేశారు. తాళాల సంగతి సరే, అసలు ఇరుసు ఎందుకు విరిగింది?

అప్పటి ఇంజనీర్లకి ఇది పెద్ద చిక్కుముడి. కొత్తప్పుడు ఇంతకంటే ఎక్కువ బరువు మోసిన ఇరుసు, మామూలు రోజున, మామూలు బరువుకి పుటుక్కున విరిగిపోతోంది. విరిగిన చోట చూస్తే ఇనుము గరుగ్గా, పంచదార పలుకుల్లా మెరుస్తోంది. దాంతో చాలామంది ఏమనుకున్నారంటే, కుదుపులకి ఇనుము లోపల స్వభావమే మారిపోతోంది, నారలా ఉండాల్సింది పలుకులుగా గడ్డకడుతోంది అని. వినడానికి బాగానే ఉంది, కానీ తప్పు.

దీన్ని సరైన దారిలో పెట్టినవాడు ర్యాంకిన్ అనే స్కాట్లాండ్ కుర్రాడు. నిజంగా కుర్రాడే, పుట్టింది 1820లో. 1843లో, అంటే ఇంకా 23 నిండకముందే, రైలు ఇరుసులు విరగడం మీద పేపర్ సమర్పించాడు. విరిగిన ఇరుసుల్ని జాగ్రత్తగా చూస్తే, పగులు ఒక్క క్షణంలో వచ్చింది కాదని తెలిసింది. ఇరుసు లావు నుంచి సన్నానికి మారే మెట్టు దగ్గర చుట్టూతా మొదలై, మెల్లమెల్లగా లోపలికి పాకుతోంది. మధ్యలో మిగిలిన కాస్త ఇనుము బరువు మొయ్యలేని రోజున విరిగిపోతోంది. ఆ మెరిసే పలుకులు కనపడేది ఆఖరి ముక్కలోనే. అందుకే ఆ మెట్టుని పదునైన మూలలా కాకుండా వంపు తిప్పి చెయ్యమన్నాడు.

మీ ఫోన్ చార్జర్ కేబుల్ ఎక్కడ పాడవుతుంది? మధ్యలో కాదు, పిన్ను మెడ దగ్గర. గట్టి ప్లాస్టిక్ అయిపోయి మెత్తటి వైరు మొదలయ్యే చోట, రోజూ అటూ ఇటూ వంగి వంగి, లోపలి రాగి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. మంచి కేబుల్‌కి ఆ మెడ దగ్గర మెత్తటి రబ్బరు తొడుగు ఉంటుంది కదా, ర్యాంకిన్ అడిగిన వంపు చేసే పని కూడా దాదాపు అదే.

ఆయన మాట విన్నవాళ్లు తక్కువ. లెక్కలతో నిరూపించడానికి జర్మనీలో ఆగస్ట్ వోలర్ అనే రైల్వే ఇంజనీర్ రావాల్సి వచ్చింది. ఆయన 1850ల చివర్లో నడిచే రైలు కిందే పరికరం బిగించి, ఇరుసు ఎంత వంగుతోందో జింకు పలక మీద గీతలుగా రాబట్టాడు. తర్వాత ఇరుసు ముక్కల్ని బరువు కింద లక్షల సార్లు తిప్పే యంత్రాలు కట్టి, ఏళ్ల తరబడి పరీక్షలు చేశాడు. 1870 నాటికి తేలింది ఏంటంటే, లోహాన్ని విరగ్గొట్టేది ఒక్కసారి పడే పెద్ద బరువే కానక్కర్లేదు. చిన్న బరువైనా, అటూ ఇటూ మళ్లీ మళ్లీ పడితే చాలు. బైండింగ్ వైరుని కటింగ్ ప్లేయర్ లేకపోతే మనం ఎలా తెంపుతాం? అటూ ఇటూ వంచే కదా. దీన్నే మెటల్ ఫెటీగ్ అంటారు, లోహపు అలసట. 1903లో ఇంగ్లాండ్‌లో ఈవింగ్, హంఫ్రీ అనే ఇద్దరు మైక్రోస్కోప్ కింద ఇనుములో ఆ పగులు పుట్టడాన్ని చూశారు. పలుకుల సిద్ధాంతం అక్కడితో నిలబడలేకపోయింది.

ఆ తర్వాత ఐదేళ్లకి, 1908లో మోడల్ టి వచ్చింది. 1927 దాకా కోటీ యాభై లక్షల కార్లు తయారయ్యాయి. మొదట్లో 850 డాలర్లున్న కారు, 1920ల మధ్యకి వచ్చేసరికి 300 డాలర్ల లోపే దొరికింది. అంత చవగ్గా చెయ్యాలంటే ప్రతి భాగమూ రెండు మూడు పనులు చెయ్యాలి. వెనక ఇరుసు కూడా అంతే. ఇంజను శక్తితో చక్రాన్ని తిప్పేది అదే, కారు బరువు మోసేది అదే, చక్రం బయటికి జారకుండా పట్టుకునేదీ అదే. దీన్ని సెమీ ఫ్లోటింగ్ అంటారు. ఇరుసు చివర శంకువులా సన్నబడుతుంది, దాని మీద హబ్ ఎక్కుతుంది, మధ్యలో చిన్న ఇనుప తాళం లాంటి కీ, బయట ఒక నట్టు. అంతే.

ఫోర్డ్ మంచి వెనేడియం స్టీల్ వాడింది, ప్రకటనల్లో గొప్పగా చెప్పుకుంది కూడా. కానీ ఈ లెక్క చూడండి. మోడల్ టి టైరు ఎత్తు 30 అంగుళాలు. కిలోమీటరుకి సుమారు 420 సార్లు తిరుగుతుంది. ప్రతి తిరుగుడులోనూ ఇరుసు పైభాగం నొక్కుకుంటుంది, కిందభాగం సాగుతుంది, మరుక్షణం అవి తారుమారు. 24,000 కిలోమీటర్లు తిరిగేసరికి కోటి సార్లు వంగినట్టు. వందేళ్ల కారుకి ఇప్పటికి ఎన్ని కోట్లు అయ్యుంటాయో ఆ మీటరుకే తెలియాలి, అదీ చాలా కార్లలో పనిచెయ్యదు.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మోడల్ టిలో కాలి బ్రేకు చక్రాల దగ్గర ఉండదు, ముందు గేర్ల డబ్బాలో ఉంటుంది. ఆ బ్రేకు పట్టు ఇరుసు మీదుగానే చక్రాలకి చేరాలి. ఒక పక్క ఇరుసు విరిగితే డిఫరెన్షియల్ పుణ్యమా అని విరిగిన ముక్క ఊరికే గిరగిరా తిరుగుతుంది, రెండో చక్రానికి బ్రేకు అందదు. అంటే చక్రం పోయిన క్షణంలోనే కాలి బ్రేకు కూడా పోతుంది! మిగిలేది చేతి బ్రేకు, అదీ ఒక్క చక్రానికి.

మరి దీనికి మందు అప్పట్లో తెలియదా? తెలుసు. అదే కాలంలో ఖరీదైన అమెరికన్ కార్లలో ఫుల్ ఫ్లోటింగ్ ఇరుసు ఉండేది. అందులో తిరగని గొట్టం బరువు మోస్తుంది, చక్రం బేరింగుల మీద ఆ గొట్టం చుట్టూ తిరుగుతుంది. లోపలి ఇరుసు పని తిప్పడం ఒక్కటే. చూశారా, మళ్లీ ఎడ్లబండి దగ్గరికే వచ్చాం! హైవే మీద లారీ ఆగి ఉంటే వెనక చక్రం మధ్యలో చూడండి, బోల్టులు గుండ్రంగా బిగించి ఉంటాయి. ఆ బోల్టులు విప్పి మెకానిక్ విరిగిన ఇరుసుని బయటికి లాగేస్తాడు, చక్రం మాత్రం బరువు మోస్తూ అలాగే ఉంటుంది. ఇరుసు కట్టయితే లారీ ఆగిపోతుంది, అంతేగానీ చక్రం ఊడి ఎవరి మీదికీ పోదు. ఫోర్డ్ కూడా మోడల్ టి తర్వాత వచ్చిన మోడల్ ఎ కారులో బరువుని గొట్టం మీదికి మార్చింది. కానీ చక్రాన్ని పట్టుకునే పని మాత్రం ఇరుసు చివరి నట్టుకే వదిలేసింది. సగం దూరమే వచ్చారు అన్నమాట.

ఇప్పుడు ఇలాంటి కారు ఉన్నవాళ్లు ఏం చేస్తారు? మొట్టమొదట చూసేది ఆ నట్టు. హబ్‌ని ఇరుసు మీద నిజానికి పట్టుకోవాల్సింది ఆ శంకువు రాపిడి, కీ కాదు. నట్టు కాస్త వదులైతే రాపిడి పోతుంది, భారమంతా కీ మీద పడుతుంది. గేరు వేసిన ప్రతిసారీ, బ్రేకు కొట్టిన ప్రతిసారీ కీ అటూ ఇటూ టక్కుటక్కుమని గుద్దుతుంది. ఆ కీ కూర్చునే గాడి మూల పదునుగా ఉంటుంది, ర్యాంకిన్ వద్దన్న మూల లాంటిదే. పగులు అక్కడ పుడుతుంది. బండి కదిలేటప్పుడు వెనక నుంచి టిక్కుమని చప్పుడు వచ్చినా, హబ్ చుట్టూ ఎర్రటి తుప్పు పొడి కనపడినా వెంటనే ఆపి విప్పాల్సిందే. హబ్ మళ్లీ ఎక్కించాక కొన్ని కిలోమీటర్లు తిప్పి నట్టు ఇంకోసారి బిగించాలి. ఇక హబ్ ఊడదీయడానికి ఇరుసు చివర సుత్తితో బాదేవాళ్లున్నారు. దయచేసి అలా చెయ్యొద్దు, పుల్లర్ వాడండి.

పగులు అప్పటికే పుట్టి ఉంటే? కంటికి కనపడదు. పాతకాలపు రైల్వే వర్క్‌షాపుల్లో ఒక చిట్కా ఉండేది. ఇరుసుని నూనెలో నానబెట్టి, శుభ్రంగా తుడిచి, పైన సున్నం లాంటి తెల్లపొడి పూస్తారు. పగులు ఉంటే లోపలి నూనె ఊరి, తెలుపు మీద సన్నటి నల్లగీత దిగుతుంది. 1920లు, 30ల్లో అమెరికాలో అయస్కాంత పద్ధతి వచ్చింది. ఇరుసుకి అయస్కాంత శక్తి ఎక్కించి ఇనుప పొడి చల్లితే, పొడి వెళ్లి పగులు దగ్గర గీతలా గుమిగూడుతుంది. మన రైల్వేలో ఇప్పుడు ఇరుసుల్ని అల్ట్రాసౌండ్‌తో కూడా పరీక్షిస్తారు. వింటేజ్ కారు ఇరుసుకి అయస్కాంత పరీక్ష చేయించడం పెద్ద ఖర్చేమీ కాదు, కారు ధరతో పోలిస్తే అసలు ఖర్చే కాదు.

ఆఖరి దారి సేఫ్టీ హబ్. మోడల్ టి కోసం ఇప్పుడు కొత్తగా తయారుచేసి అమ్ముతున్నారు. ఇందులో బరువుని, చక్రాన్ని గొట్టమే పట్టుకుంటుంది, లోపల ఇరుసు విరిగినా చక్రం ఎక్కడికీ పోదు. దీని మీద వింటేజ్ ప్రియుల్లో పెద్ద గొడవ. ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంచాలి, లేకపోతే అది మోడల్ టి ఎలా అవుతుంది అంటారు కొందరు. నా మట్టుకు నేను, చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం గారి 1912 రోల్స్ రాయిస్ లాగా అద్దాల వెనక ఉండే కారైతే ఒక్క మర కూడా మార్చొద్దంటాను. కానీ రోడ్డు మీదికి తెచ్చే కారైతే లెక్క వేరు. ఆ రోడ్డు మీద స్కూటీ మీద పోయే అమ్మాయి ఉంటుంది, పక్కన నడిచే తాతయ్య ఉంటాడు. ఊడిన చక్రం ఎటు పోతుందో నడిపేవాడి చేతిలో ఉండదు.

మీ చుట్టుపక్కల ఎవరైనా పాత కారు బాగుచేయిస్తుంటే, వెనక ఇరుసు సెమీ ఫ్లోటింగా, ఫుల్ ఫ్లోటింగా అని అడిగి కామెంట్లో పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో డిఫరెన్షియల్ సంగతి చూద్దాం.