వార్సా పాత నగర అంగడి చౌక్: వర్తక గృహాల నిర్మాణం, పునర్నిర్మాణం

పోలండ్ రాజధాని వార్సాలోని పాత నగర అంగడి చౌక్ 13వ శతాబ్దం చివర, 14వ శతాబ్దం ఆరంభాన నగరంతోపాటే రూపుదిద్దుకొంది. సుమారు 90 మీటర్ల పొడవు, 73 మీటర్ల వెడల్పు గల ఈ ఖాళీ జాగాకు నాలుగు వైపులా వర్తకుల ఇళ్లు ఒకదానికొకటి ఆనుకొని నిలిచాయి. నేడు కనిపించే వాటిలో అధికభాగం రెండవ ప్రపంచయుద్ధానంతరం తిరిగి కట్టినవే. అటువంటి ఇళ్లను చరిత్రకు ఆధారాలుగా స్వీకరించవచ్చునా, స్వీకరిస్తే ఏ కాలపు చరిత్రకు అన్నవి ఇక్కడ విచారణీయాంశాలు.

ఈ తరహా ఇంటిని పోలిష్ భాషలో 'కామియెనిత్సా' అంటారు. రాయి అనే అర్థం గల 'కామియెన్' నుండి ఈ మాట పుట్టినా, ఇక్కడి గోడలకు ప్రధానంగా వాడినది ఇటుక. చౌక్ వైపు నేల విలువైనది కనుక స్థలాలు ముందు ఇరుకుగా, వెనుకకు పొడవుగా ఉండేవి. ముఖభాగాన సాధారణంగా మూడు కిటికీలే పట్టేవి. నేలమాళిగలో సరుకు, కింది అంతస్తులో వ్యాపారం, పైన నివాసం ఉండేవి. ఇరుపక్కలా పొరుగిళ్ల గోడలే కావడంతో నడుమనున్న మెట్లకు వెలుతురు అందేది కాదు. అందుకే మెట్లదారిపై, ఇంటికప్పును దాటి లేచే కిటికీల కట్టడాన్ని నిర్మించారు. 'లాంతరు' అని పేరుపొందిన ఈ భాగం అలంకారంగా కనిపించినా, దాని పుట్టుకకు కారణం స్థలపు ఇరుకుదనమే.

1607లో జరిగిన అగ్నిప్రమాదం తర్వాత ఇళ్లు కొత్త రూపం పొందాయి. చెక్కడపు రాతి ద్వారబంధాలు ఆ కాలపు సంపదకు గుర్తులు. 36వ నంబరు ఇంటి ముఖభాగాన చెక్కిన నల్లజాతీయుని శిరస్సు ఆ ఇంటికి పేరైంది. 27వ నంబరు ఇల్లు ద్రాక్షసారా వర్తకులైన ఫుకియెర్ కుటుంబం పేరుతో ప్రసిద్ధమైంది. 1817లో చౌక్ నడుమనున్న పురపాలక భవనాన్ని కూల్చివేశారు. 19వ శతాబ్దంలో సంపన్నులు ఇతర ప్రాంతాలకు తరలిపోగా, ఈ ఇళ్లు పేద అద్దెదారులతో కిక్కిరిశాయి.

1906లో ఏర్పడిన ప్రాచీన కట్టడాల సంరక్షణ సంఘం ఈ ఇళ్లపై మళ్లీ దృష్టి నిలిపింది. 1915లో చౌక్ నాలుగు వైపులకు దెకెర్త్, బార్స్, కొవొంతాయ్, జక్జెవ్‌స్కీ అనే నలుగురి పేర్లు పెట్టారు. వీరిలో యాన్ దెకెర్త్ 1789లో పౌరహక్కుల కోసం పట్టణవాసుల ఉద్యమానికి నాయకత్వం వహించిన నగరాధ్యక్షుడు. ఆ విధంగా వర్తకుల ఇళ్ల వరుసలు పౌరహక్కుల స్మృతిచిహ్నాలుగా మారాయి.

ఆ అర్థం ఏర్పడినందువల్లనే 1944 నాటి విధ్వంసం కేవలం ఇళ్ల నష్టంగా మిగలలేదు. వార్సా తిరుగుబాటు కాలంలోను, దానిని అణచిన తర్వాతను జర్మన్ సేనలు చారిత్రక కేంద్రంలో 85 శాతానికి పైగా నాశనం చేశాయి. యాన్ జఖ్వాతోవిచ్ వంటి సంరక్షకులు పునర్నిర్మాణానికి పూనుకొన్నారు. వాస్తుశాస్త్ర విభాగంవారు కొలిచి గీసిన నక్షాలు, ఛాయాచిత్రాలు, శిథిలాలలో దొరికిన రాతిముక్కలు వారికి ఆధారాలయ్యాయి. 1953 జులైలో చౌక్ పూర్తయింది.

అయితే ఇది 1939 నాటి స్థితికి ప్రతిరూపం కాదు. 19వ శతాబ్దపు చేర్పులను అనేకచోట్ల వదలి, 17, 18 శతాబ్దాల రూపానికి ప్రాధాన్యమిచ్చారు. వెనుకనున్న ఇరుకు కట్టడాలను చాలావరకు తిరిగి కట్టక, పెరళ్లను విశాలపరచి, లోపల ఆధునిక నివాసాలను అమర్చారు. వర్తకుని ముఖభాగం నిలిచింది. పేద అద్దెదారుని ఇల్లు నిలవలేదు.

1980లో యునెస్కో ఈ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2011లో పునర్నిర్మాణ కార్యాలయపు పత్రాలు 'ప్రపంచ స్మృతి' జాబితాలో చేరాయి. ఈ రెండింటిని కలిపి చదివినప్పుడే ఇళ్ల సాక్ష్యం స్పష్టమవుతుంది. స్థలవిభజన, మిగిలిన రాతిపని వర్తకుల కాలానికి ఆధారాలు; ముఖభాగాల ఎంపిక 1945 తర్వాతి తరం తన గతాన్ని ఎలా నిర్ణయించుకొన్నదో తెలిపే ఆధారం. ఈ రెండు కాలాలను వేరుచేసి చూసే పరిశోధకునికి ఈ ఇళ్లు ప్రామాణికాలే.