డాన్‌జిగ్ రబ్బీ చూపిన ఎముకలు

2025 సెప్టెంబరులో యూదుల పంచాంగం 5786వ ఏట అడుగుపెట్టింది. ఆ లెక్క సృష్టి నుంచి మొదలవుతుంది. శాస్త్రం మాత్రం భూమి వయసు సుమారు 454 కోట్ల ఏళ్లంటోంది. ఈ రెంటికీ పొంతన ఎలా? డార్విన్ దెబ్బకు తట్టుకోలేక యూదు మతగురువులైన రబ్బీలు కొత్త భాష్యాలు అల్లారన్న మాట తరచూ వినిపిస్తుంది. తేదీలు చూస్తే ఆ మాట నిలవదు.

మొదటి ఆధారం ఆదికాండంలోనే ఉంది. సూర్యుడు పుట్టింది నాలుగో రోజున. అంతకు ముందే మూడుసార్లు సాయంత్రమైంది, తెల్లవారింది. సూర్యుడు లేని సాయంత్రం ఏమిటి? ఈ ప్రశ్నను ప్రాచీన రబ్బీలు దాటవేయలేదు. దీన్ని బట్టే, ఈ లోకానికి ముందు దేవుడు ఎన్నో లోకాలను సృష్టించి చెరిపేశాడని రబ్బీ అబ్బాహు అన్నట్టు ఆదికాండంపై ప్రాచీన వ్యాఖ్య అయిన బెరేషిత్ రబ్బాలో ఉంది. ఆయన సుమారు 300 ప్రాంతంలో కైసరియలో ఉన్నవాడు.

రెండో ఆధారం ఇంకా బలమైనది. 12వ శతాబ్ది చివర యూదు తత్వవేత్త మైమోనిడీస్ తన ‘సందిగ్ధులకు మార్గదర్శి’లో, లోకం అనాది అన్న అరిస్టాటిల్ వాదాన్ని తోసిపుచ్చాడు. అయితే లేఖనం ఒప్పుకోదన్న కారణం ఒక్కటే చూపి కాదు. ఆ వాదానికి రుజువు లేదన్నాడు. దేవుడికి చేతులు, కళ్లు ఉన్నాయన్న వాక్యాలను అలంకారంగా చదువుకున్నట్టే, సృష్టి వాక్యాలనూ చదువుకునే దారి మూసుకుపోలేదన్నాడు. నా దృష్టిలో అసలు తాళంచెవి ఇదే.

ఇక 1842. బాల్టిక్ తీరాన డాన్‌జిగ్ నగరం. రబ్బీ ఇజ్రాయెల్ లిఫ్‌షిట్జ్ తన ప్రసంగంలో భూమి పొరల గురించి, సైబీరియా మంచులో బయటపడ్డ మామత్ అనే ప్రాచీన ఏనుగు జాతి జంతువు గురించి చెప్పాడు. ఆ ఎముకలను చూసి ఆయన జంకలేదు, సంతోషించాడు. పూర్వలోకాల గురించి పెద్దలు చెప్పినదానికి నేల లోపలి నుంచి సాక్ష్యం దొరికిందన్నాడు. డార్విన్ పుస్తకం రావడానికి ఇంకా 17 ఏళ్లుంది!

ఒక్కటి మాత్రం కలిపేయకూడదు. లిఫ్‌షిట్జ్ ఒప్పుకున్నది భూమి ప్రాచీనతను. ఒక జీవి నుంచి మరో జీవి వచ్చిందని ఆయన అనలేదు. ఆ రెండో ముడి మీద చెయ్యి వేసింది జర్మనీలో రబ్బీ సాంసన్ రఫాయెల్ హిర్ష్. పరిణామవాదాన్ని ఆయన నమ్మలేదు. కానీ అది రుజువైతే, ఒకే బీజం నుంచి ఇన్ని ప్రాణులను తెచ్చిన సృష్టికర్త పట్ల భక్తి మరింత పెరుగుతుందని రాశాడు. తర్వాత పాలస్తీనాలో ప్రధాన రబ్బీ అయిన కూక్ ఇంకో అడుగు వేశాడు. పరిణామ భావన యూదుల మార్మిక చింతనకు దగ్గరిదన్నాడు.

అందరూ ఆ దారిన నడవలేదు. ఇదే ధోరణిలో రాసిన రబ్బీ నతాన్ స్లిఫ్‌కిన్ పుస్తకాలను 2005 ప్రాంతంలో కఠిన సంప్రదాయవాదులైన కొందరు హరేదీ రబ్బీలు నిషేధించారు. పాతికేళ్ల నాటి తలపు కాదది, పదిహేడు వందల ఏళ్ల నాటిది. దానికి నిషేధం వేయడం నాకు అన్యాయంగానే తోస్తుంది. ఆ 2005లోనే అమెరికాలోని సనాతన రబ్బీల మండలి, పరిణామవాదాన్ని సరిగ్గా అర్థం చేసుకుంటే సృష్టికర్త మీద నమ్మకానికి అది అడ్డు కాదని ప్రకటించింది.

యూదుల ధర్మగ్రంథమైన తోరాకూ పరిణామానికీ పొత్తు కుదరదని ఎవరైనా తేల్చేస్తే, మైమోనిడీస్ గ్రంథం రెండో భాగం, 25వ అధ్యాయం చదవమని చెప్పండి.