మద్యనిషేధమును మత్తువైద్యమును

హైదరుగూడ, నారాయణగూడ ప్రాంతములవారికి 'ఆబ్కారీ' యను మాట క్రొత్తది కాదు. పారసీకమున 'ఆబ్' అనగా నీరు, 'కారీ' అనగా పని. సారాయి వ్యాపారమున కెంత సౌమ్యమైన పేరు! ఆ నీటిపనికై నిజాము ప్రభుత్వకాలమున నారాయణగూడలోనే సర్కారు సారాబట్టీ యుండెడిది. త్రాగించునదియు, పన్ను గొనునదియు నొకే హస్తమైనప్పుడు మాన్పించు భార మెవ్వరిది?

ఆ భారమును మొదట తలకెత్తుకొన్నది చెన్నరాజధాని. రాజగోపాలాచారిగారి మంత్రివర్గము 1937 అక్టోబరు 1వ తేదీన సేలము జిల్లాలో మద్యనిషేధము నారంభించి, మఱుసటి యేడు చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసెను. ఆబ్కారీ రాబడి పోయిన లోటు పూడ్చుటకై 1939లో అమ్మకపు పన్ను శాసన మేర్పడినది. యుద్ధకాలమున నిషేధము సడలినది గాని, పన్ను సడలలేదు! 1948 నాటికి నిషేధము రాజధాని యంతటను వ్యాపించెను. 1954 నవంబరులో ఆంధ్రరాష్ట్రమున ప్రకాశము పంతులుగారి ప్రభుత్వ మీ వివాదముననే యొక్క వోటు తేడాతో కూలినది.

పిదప 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు, అక్షరములు నేర్చిన చేతులతోనే, సారా దుకాణములను మూయించిరి. వయోజనవిద్యకు ఇంతకుమించిన పరీక్షాఫలిత మే యుపాధ్యాయుడు చూచియుండును? 1993 అక్టోబరులో సారాయి నిషిద్ధమయ్యెను. 1994 డిసెంబరున హైదరుగూడకు చేరువనున్న లాల్‌బహదూర్ క్రీడాప్రాంగణములో ముఖ్యమంత్రిగా ప్రమాణము చేసిన నందమూరి తారకరామారావుగారు సంపూర్ణనిషేధమునకు పూనుకొనిరి. 1995 జనవరిలో నది యమలులోనికి వచ్చి, 1997లో సడలినది.

ఈ యత్నములలో ప్రభుత్వదృష్టి దుకాణముమీదనే నిలిచెను. త్రాగువాని శరీరముమీద నంతగా ప్రసరింపలేదు. ఏండ్లతరబడి త్రాగినవాడు హఠాత్తుగా మానినచో చేతులు వణకును, నిద్ర పట్టదు, లేనివి కనబడును, మూర్ఛలు వచ్చును; ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోవును. వైద్యులు మందులతో మత్తును క్రమముగా దింపవలెను. శాసనమున కీ యెఱుక లేకపోలేదు. 1985 నాటి మాదకద్రవ్య శాసనమున తరువాత చేర్చిన 64-ఏ విభాగము, స్వయముగా చికిత్సకు వచ్చు వ్యసనపరునికి కొన్ని నేరములందు రక్షణ కల్పించినది. 2017 నాటి మానసిక ఆరోగ్య శాసనము మద్య, మాదకద్రవ్యముల దుర్వినియోగమువలన కలుగు స్థితులనుగూడ మానసికవ్యాధులలో జేర్చినది.

అయినను ఆచరణ వేఱు. నగరమున మూతపడిన కల్లుదుకాణములు 2014లో తెఱవబడినవి. కల్తీకల్లులో కలుపునవి క్లోరల్ హైడ్రేటు, డయజిపాము, ఆల్ప్రజోలాము, అనగా నిద్రమందులు. 2015లో తెలంగాణ ప్రభుత్వ మా కల్తీ నరికట్టగనే జిల్లాలనుండి వందలమంది పిచ్చిచూపులతో, వణకుతో ఆసుపత్రులు చేరిరి. కల్తీని పట్టుట న్యాయమే. కాని పట్టుటకు పూర్వమే మంచములును మందులును సిద్ధపరచిన నేమి నష్టము? 2020 మార్చిలో మహమ్మారివలన మద్యపు దుకాణములు మూయబడగా, అదే యార్తితో రోగులు ఎఱ్ఱగడ్డ మానసిక చికిత్సాలయము వాకిట మరల బారులు తీరిరి.