స్కూబా రెగ్యులేటరులో గాలి లీకు

స్కూబా రెగ్యులేటరులో గాలి లీకు అనగా డైవరు వీపున మోసుకుపోయే సిలిండరులోని గాలి, అతడు పీల్చకుండానే రెగ్యులేటరు నుండి గాని, దానికి అమర్చిన గొట్టాల నుండి గాని బయటకు పోవడం. సన్నని బుడగల వరుస మొదలుకొని, నోటి భాగం నుండి గాలి బుస్సుమని ఆగకుండా వెలువడే స్థితి వరకు దీనిలో పలు స్థాయిలున్నాయి. ఈ చివరి స్థితిని ఫ్రీ ఫ్లో అంటారు. గాలి బయటపడే చోటు, లోపం ఉన్న చోటు ఒకటే కానక్కరలేదు. ఈ పరికరాన్ని పరీక్షించేవారు మొట్టమొదట గుర్తించవలసిన విషయమిదే.

పనిచేసే విధానం

నిండు సిలిండరులో గాలి సుమారు 200 బార్ల పీడనంతో ఉంటుంది. ఆ పీడనంతో వచ్చే గాలిని ఎవరూ నేరుగా పీల్చలేరు. అందువలన రెగ్యులేటరు దానిని రెండు అంచెలలో తగ్గిస్తుంది. సిలిండరు వాల్వుకు బిగించే మొదటి అంచె, గాలి పీడనాన్ని చుట్టూ ఉన్న నీటి పీడనం కంటే సుమారు 8.5 నుండి 10 బార్లు మాత్రమే ఎక్కువగా ఉండేటట్లు చేస్తుంది. దీనిని మధ్యంతర పీడనం అంటారు. నోటిలో పెట్టుకొనే రెండవ అంచె దానిని నీటి పీడనానికి సమానం చేస్తుంది. డైవరు గాలి పీల్చగానే రెండవ అంచెలోని రబ్బరు పొర లోనికి వంగి ఒక మీటను నొక్కుతుంది. ఆ మీట చిన్న కవాటాన్ని తెరుస్తుంది. పీల్చడం ఆపగానే స్ప్రింగు ఆ కవాటాన్ని తిరిగి మూసివేస్తుంది.

అవసరమైనంత మేరకే గాలిని అందించే ఏర్పాటును 1860వ దశకంలోనే ఫ్రాన్సు దేశీయులైన రూకెరోల్, దెనరూజ్‌లు రూపొందించారు. 1943లో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్‌లు తయారుచేసిన ఆక్వాలంగ్‌తో అది ఈతగాని వీపుపైకి ఎక్కింది. ఆనాటి పరికరంలో పీడనాన్ని తగ్గించే యంత్రాంగమంతా మెడ వెనుకనే ఉండేది. రెండవ అంచె నోటి వద్దకు చేరిన ఒంటి గొట్టపు రెగ్యులేటరును 1950వ దశకం తొలి సంవత్సరాలలో ఆస్ట్రేలియాకు చెందిన టెడ్ ఎల్డ్రెడ్ విపణిలోకి తెచ్చాడు. నేడు సర్వత్రా వాడుకలో ఉన్నది ఈ పద్ధతియే.

లోపం ఏర్పడినా గాలి ఆగిపోకుండుటకు

నేటి రెండవ అంచెలలో అత్యధిక భాగం, కవాటం గాలి ప్రవహించే దిశలోనే తెరుచుకొనేటట్లు నిర్మించబడతాయి. స్ప్రింగు బలహీనపడినా, వెనుక నుండి వచ్చే పీడనం పెరిగినా కవాటం తెరుచుకుంటుందే గాని బిగుసుకుపోదు. అనగా ఈ పరికరం చెడిపోయినపుడు గాలి అందకపోవడానికి బదులు అవసరాన్ని మించి వస్తుంది. అదనపు పీడనం ఏర్పడితే దానిని బయటకు వదిలే రక్షక కవాటంగా కూడా రెండవ అంచెయే పనిచేస్తుంది. కనుక లీకు ఒక లోపమే అయినప్పటికీ, నిర్మాణకర్తలు బుద్ధిపూర్వకంగా ఎంచుకున్న లోపమని చెప్పవచ్చు.

లోపం ఎక్కడున్నదో నిర్ణయించడం

పరికరాన్ని విప్పడానికి ముందు సులభమైన కారణాలను చూడాలి. నోటి భాగం పైకి తిరిగి ఉండగా రెండవ అంచెను నీటిలోకి దింపితే, రబ్బరు పొర మీది నీటి ఒత్తిడికి అది తనంతట తానే గాలిని వదులుతుంది. నోటి భాగాన్ని కిందికి తిప్పినా, అరచేతితో కాసేపు మూసినా ఇది ఆగిపోతుంది. చాలా రెగ్యులేటర్లలో గాలి ధారాళతను మార్చే చిన్న మీట ఉంటుంది. నీటిలోకి దూకేటపుడు దానిని తక్కువ స్థానంలో ఉంచాలి. మధ్యనున్న పర్జ్ బొత్తాము కింద ఇసుక చేరి అది నొక్కుకుపోయి ఉండటం మరొక సాధారణ కారణం.

ఇవేవీ కానపుడు, లీకు ఎప్పుడు మొదలవుతున్నదో గమనించాలి. సిలిండరు వాల్వు తెరిచిన తక్షణమే సన్నగా మొదలై ఒకే తీరున సాగుతుంటే లోపం సాధారణంగా రెండవ అంచెలోనే ఉంటుంది. అక్కడి మెత్తని సీటు, లోహపు అంచుకు నిరంతరం ఒత్తుకొని ఉండటం వలన దానిపై గుండ్రని గాడి పడుతుంది. ఇంట్లో కుళాయి వాషరు అరిగినపుడు నీరు కారడం వంటిదే ఇది. మీట ఎత్తుగాని, స్ప్రింగు బిగువుగాని సరిగా అమర్చకపోయినా ఇదే లక్షణం కనబడుతుంది.

దీనికి భిన్నంగా, వాల్వు తెరిచిన తర్వాత కొన్ని సెకన్లో నిమిషాలో నిశ్శబ్దంగా ఉండి, ఆపైన లీకు మొదలై, ఒకసారి గాలి పీల్చగానే ఆగి, మళ్లీ కొంతసేపటికి మొదలవుతుంటే అనుమానించవలసినది మొదటి అంచెను. అందులోని అధిక పీడన సీటు పూర్తిగా మూసుకోక, 200 బార్ల వైపు నుండి గాలి సూక్ష్మంగా జారుతూ మధ్యంతర పీడనాన్ని క్రమక్రమంగా పెంచుతుంది. దీనిని క్రీప్ అంటారు. పెరిగిన పీడనం, బిగువు తక్కువగా ఉన్న రెండవ అంచెను తోసుకొని బయటపడుతుంది. అందువల్ల ఏ దోషమూ లేని రెండవ అంచె, లేదా తోటివారి కోసం ఉంచే ఆక్టోపస్ అనబడే అదనపు రెండవ అంచె దోషిగా కనబడుతుంది. రెండూ కలిసి లీకవుతుంటే మొదటి అంచెపై అనుమానం మరింత బలపడుతుంది.

ఈ సందర్భంలో లీకవుతున్న రెండవ అంచె స్ప్రింగును బిగించడం అత్యంత ప్రమాదకరమైన మరమ్మత్తు. బుడగలు ఆగుతాయి, పని పూర్తయినట్లే ఉంటుంది. కాని పీడనం లోపల పెరుగుతూనే ఉండి, గొట్టాలపైన, జాకెట్టులోకి గాలి నింపే వాల్వుపైన పడుతుంది. పైగా గాలి పీల్చడం కష్టమవుతుంది. హెచ్చరిక చేస్తున్న గంట నాలుకను కట్టివేయడం వంటిదే ఈ పని.

నిర్ధారణకు మధ్యంతర పీడన మాపకం ఉత్తమ సాధనం. దీనిని జాకెట్టు గొట్టపు కొసకు తగిలించి సిలిండరు తెరవాలి. ఆరోగ్యవంతమైన రెగ్యులేటరులో ముల్లు తయారీదారు చెప్పిన అంకె వద్ద నిలబడుతుంది. గాలి పీల్చినపుడు కొద్దిగా పడి, వెంటనే అదే అంకెకు తిరిగి వచ్చి కదలకుండా ఉంటుంది. ఆగకుండా మెల్లగా పైకి ఎగబాకుతుంటే అది క్రీప్. పరీక్షను నిండు సిలిండరుతోను, దాదాపు ఖాళీ అయిన సిలిండరుతోను చేయడం మంచిది. సిలిండరు పీడనం మారినా ప్రభావితం కాని ఏర్పాటు లేని సాదా పిస్టను రకంలో, సిలిండరు నిండుగా ఉన్నపుడు మధ్యంతర పీడనం కొంత ఎక్కువగా ఉండటం సహజం. అందువలన నిండు సిలిండరుతో మాత్రమే లీకై, తర్వాత తగ్గిపోయే సందర్భాలు ఉంటాయి.

ఇతర చోట్ల లీకులు

సైకిలు ట్యూబును నీటి తొట్టిలో ముంచి చిల్లు వెదికినట్లే, పీడనంలో ఉన్న రెగ్యులేటరును నీటిలో ముంచి బుడగల జాడ పట్టవచ్చు. సిలిండరుకు, మొదటి అంచెకు మధ్య బుడగలు వస్తే ఓ-రింగు చెడినదని అర్థం. యోక్ బిగింపులో ఈ రింగు సిలిండరు వాల్వులో ఉంటుంది, డిన్ బిగింపులో రెగ్యులేటరు మరపై ఉంటుంది. పీడన మాపకం మెడ వద్ద వచ్చే సన్నని బుడగలకు, అక్కడ తిరిగే చిన్న ఇరుసుపై ఉండే రెండు బుల్లి రింగులు కారణం. పిస్టను రకపు మొదటి అంచెలో నీరు లోనికి పోయే రంధ్రాల నుండి బుడగలు వస్తే లోపలి పిస్టను రింగు పాడైనట్లు. దానిని విప్పి మార్చవలసిందే.

గొట్టాల విషయంలో చాలామంది ఊహకు విరుద్ధమైన సంగతి ఒకటున్నది. అధిక పీడనపు గొట్టం తెగితే చూడటానికి భయంకరంగా ఉన్నా, దాని మొదట్లో అతి సన్నని రంధ్రం మాత్రమే ఉండటం వలన గాలి నెమ్మదిగానే పోతుంది. తక్కువ పీడనపు గొట్టం తెగితేనే సిలిండరు వేగంగా ఖాళీ అవుతుంది.

నీటి లోపల లీకు సంభవిస్తే

12 లీటర్ల సిలిండరును 200 బార్లకు నింపితే అందులో సుమారు 2,400 లీటర్ల గాలి ఉంటుంది. ఉపరితలంపై నిమిషానికి 20 లీటర్లు పీల్చే వ్యక్తి, 30 మీటర్ల లోతున పీడనం 4 బార్లు కనుక, 80 లీటర్లు వాడతాడు. అనగా ఏ లీకూ లేకున్నా అరగంటకు సిలిండరు ఖాళీ. ఫ్రీ ఫ్లో ఇంతకు అనేక రెట్ల వేగంతో గాలిని హరిస్తుంది. అప్పుడు మిగిలేది కొద్ది నిమిషాలే.

నోటి భాగాన్ని కిందికి తిప్పినా ఆగకపోతే తోటి డైవరుకు సంజ్ఞ చేసి అతని అదనపు రెండవ అంచెను అందుకొని, ఇద్దరూ కలిసి పైకి రావాలి. అది చేతికి అందేలోగా లీకవుతున్న దానినుండే శ్వాసించవచ్చు. పెదవులతో గట్టిగా మూయక, అదనపు గాలి పక్కనుండి పోయేటట్లు వదిలి, కావలసినంత మాత్రమే గ్రహించాలి. ప్రాథమిక శిక్షణలోనే దీనిని అభ్యాసం చేయిస్తారు. పైకి వచ్చేటపుడు ఊపిరి బిగపట్టరాదు. పీడనం తగ్గినకొద్దీ గాలి వ్యాకోచిస్తుందన్న బాయిల్ నియమం ఊపిరితిత్తులకు కూడా వర్తిస్తుంది.

చలి నీటిలో మరొక కారణం తోడవుతుంది. పీడనం హఠాత్తుగా తగ్గినపుడు గాలి బాగా చల్లబడి, కవాటం చుట్టూ మంచు ఏర్పడి అది తెరుచుకున్న స్థితిలోనే నిలిచిపోతుంది. ఐరోపా ప్రమాణాలలో 10 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ ఉష్ణోగ్రత గల నీటిని చలి నీరుగా పరిగణిస్తారు. ఋషికొండ తీరంలోను, అండమాన్ దీవులలోను ఈతకు దిగేవారికి ఈ బెడద లేదు. వారికి శత్రువులు ఉప్పు, ఇసుక.

సంరక్షణ

వాడిన ప్రతిసారీ మొదటి అంచెకు మూత బిగించి, మంచినీటిలో నానబెట్టి కడగాలి. పీడనం లేనపుడు కడుగుతూ పర్జ్ బొత్తామును నొక్కరాదు. నొక్కితే కవాటం తెరుచుకొని, నీరు గొట్టం గుండా మొదటి అంచెలోకి చేరుతుంది. సిలిండరు, రెగ్యులేటరుల మధ్య రింగును మార్చడం వంటి పనులు డైవరు స్వయంగా చేసుకొనవచ్చును. సీటు, పిస్టను, స్ప్రింగులను ముట్టుకొనే పని మాత్రం ఆ నమూనాలో శిక్షణ పొంది, సరైన విడిభాగాలు, పీడన మాపకం గల వ్యక్తి చేయాలి. ఆక్సిజన్ పాలు హెచ్చుగా ఉన్న వాయువులకు వాడే పరికరాలలో సాధారణ సిలికోన్ గ్రీజు వాడరాదు. అగ్నిప్రమాదానికి అవకాశమున్నది. మరమ్మత్తు తర్వాత కూడా మధ్యంతర పీడనాన్ని కొలిచి, ముల్లు కొన్ని నిమిషాలపాటు కదలకుండా నిలిచినదని చూసిన పిదపనే రెగ్యులేటరును నీటిలోకి తీసుకుపోవాలి.