తాతల సందూక్‌లో అమెరికా రివాల్వర్: ముట్టుకునే ముందు, అమ్ముకునే ముందు

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పాత గడీలు, దేవిడీలు, పటేల్ పట్వారీల ఇండ్లు ఒక్కొక్కటే కూలిపోతున్నాయి. అటక మీది సందూక్ కిందికి దించితే తుప్పు పట్టిన తల్వార్ దొరుకుతుంది, భర్మార్ తుపాకి దొరుకుతుంది. ఎప్పుడో ఒకసారి గుండ్రంగా తిరిగే ఆరు గదుల తమంచా కూడా బయటపడుతుంది. దాని మీద 'కోల్ట్' అనే అక్షరాలు కనిపిస్తే చాలు, ఇంట్లో రెండు మాటలు పుడతాయి. "కోట్లు పలుకుతదంట" అని ఒకరంటే, "పోలీసులకు తెలిస్తే జైలే, రాత్రికి రాత్రి బావిలో పడేయ్" అని ఇంకొకరు. రెండూ తొందరపాటు మాటలే.

ఇలాంటి ఆయుధాలు మన దిక్కు ఎందుకున్నాయన్నది చరిత్ర తెలిసినవారికి వింత కాదు. గద్వాల, వనపర్తి, కొల్లాపూర్, ఆత్మకూరు సంస్థానాలు నిజాం కింద ఉంటూనే సొంత దర్బార్లు నడిపాయి. పాలమూరు జిల్లాకు పేరిచ్చిన ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ పులుల వేటలో పేరు మోసినవాడు. దొరలకు, జాగీర్దార్లకు విలాయతీ ఆయుధం అంటే షికారు సామానే కాదు, హోదాకు గుర్తు కూడా. నల్లగొండ కథ వేరు. అప్పట్లో ఈ జిల్లాలోనే ఉన్న కడివెండిలో 1946 జులై 4న దొడ్డి కొమురయ్య తుపాకి గుండుకు బలయ్యాడు. వడిసెలలు, కర్రలతో మొదలైన పోరాటం తుపాకుల దాకా పోయింది. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్, 1951 అక్టోబర్‌లో పోరాట విరమణ. ఈ మధ్యకాలంలో ఆయుధాలు కొన్ని సర్కారుకు చేరాయి, కొన్ని గోడల్లో, గుమ్ముల్లో ఉండిపోయాయి. అందుకే పాత తుపాకి అంటే ఇక్కడి పెద్దలకు ఇప్పటికీ గుండె దడ.

మొట్టమొదటి సంగతి: దాన్ని ఆడించవద్దు. వందేళ్ల కింద నింపిన నల్లమందు తడి తగలకుంటే ఇంకా పేలే అవకాశం ఉంటుంది. గుర్రం లాగి చూడటం, ట్రిగ్గర్ నొక్కడం, తుప్పు వదలడానికి మంట మీద పెట్టడం, గదుల్లో మేకు దూర్చి పొడవడం ఏదీ చేయకూడదు. నిండి ఉందనే అనుకోండి. గొట్టం మనుషుల వైపు లేకుండా, పిల్లలకు అందకుండా పెట్టి, ఉన్నచోటే నాలుగు దిక్కుల నుంచి ఫొటోలు తీయండి. గుర్తుపట్టే పని చాలావరకు ఫొటోలతోనే అయిపోతుంది.

ఇక అది నిజంగా అమెరికాదేనా? నిజం చెప్పాలంటే మన దగ్గర దొరికే పాత రివాల్వర్లలో ఎక్కువ భాగం ఇంగ్లండ్‌వి. మధ్యలో విరిచినట్టు ముందుకు వంగి తెరుచుకునేది వెబ్లీ గానీ ఎన్‌ఫీల్డ్ గానీ అయ్యే అవకాశమే ఎక్కువ. అయితే అమెరికాలో స్మిత్ అండ్ వెసన్ కంపెనీ కూడా 1870 నుంచి అలా తెరుచుకునే రివాల్వర్లు చేసింది కాబట్టి ఒక్క ఈ గుర్తుతోనే తేల్చేయలేము.

యంత్రం తీరు చూస్తే కాలం తెలుస్తుంది. శామ్యూల్ కోల్ట్‌కు అమెరికాలో పేటెంట్ 1836 ఫిబ్రవరిలో వచ్చింది. ఆ కాలపు రివాల్వర్లలో తూటా ఉండదు. గదుల్లో ముందు నుంచి మందు, గుండు కూరి, వెనుక ఉన్న చిన్న చనుమొనల మీద రాగి టోపీలు తొడుగుతారు. మన పెద్దలు టోపీదార్ బందూక్ అనేది ఈ పద్ధతినే. వెనుక నుంచి నేరుగా లోహపు తూటా పెట్టే రివాల్వర్‌ను స్మిత్ అండ్ వెసన్ 1857లో తెచ్చింది. ఆ పద్ధతికి సంబంధించిన రోలిన్ వైట్ పేటెంట్ వాళ్ల చేతిలో ఉండటంతో, 1869లో దాని గడువు తీరేదాకా కోల్ట్ టోపీల పద్ధతినే పట్టుకొని ఉండాల్సి వచ్చింది. సినిమాల్లో కౌబాయ్ నడుముకు కనిపించే కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ 1873 నాటిది. గదుల చక్రం పక్కకు తెరుచుకునే తీరు కోల్ట్‌లో 1889లో, స్మిత్ అండ్ వెసన్‌లో 1896లో వచ్చింది. కాబట్టి పక్కకు తెరుచుకునే రివాల్వర్ చూపించి "పద్దెనిమిది వందల యాభై ఏడు గదర్ నాటిది" అని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోవచ్చు.

గదర్ నాటిది కావాలంటే కోల్ట్ 1851 నేవీ లాంటిది కావాలి. ఇంగ్లిష్ అఫ్సర్లు అప్పుడు కోల్ట్‌లు వాడారు. కోల్ట్ 1853లో లండన్‌లో కూడా కార్ఖానా పెట్టి కొన్నేళ్లు నడిపింది. ఆ రివాల్వర్ల గొట్టం మీద అమెరికా ఊరి పేరు బదులు లండన్ చిరునామా ఉంటుంది, ఇంగ్లండ్ పరీక్ష ముద్రలు కూడా ఉంటాయి. లండన్ అని చూసి నకిలీ అనుకోవద్దు. ఈ మోడల్ గదుల చక్రం మీద సన్నగా చెక్కిన ఓడల యుద్ధం బొమ్మ ఉంటుంది. 1843లో టెక్సాస్, మెక్సికో నౌకల మధ్య జరిగిన పోరు అది. ఆ గీతలు ఎంత మిగిలితే అంత విలువ.

అమెరికా సరుకులో మన దేశానికి పెద్ద మొత్తంలో చేరే వీలున్నది మాత్రం రెండో ప్రపంచ యుద్ధం నాటి స్మిత్ అండ్ వెసన్ విక్టరీ మోడల్. బ్రిటన్‌కు, దాని కింది దేశాలకు అమెరికా ఐదు లక్షలకు పైగా పంపింది. సీరియల్ నంబర్ ముందు 'వి' అక్షరం, పైపట్టీ మీద అమెరికా సర్కారు ఆస్తి అనే ముద్ర దాని ఆనవాళ్లు. చరిత్ర ఉన్నదే, కానీ అరుదైనది కాదు. అమెరికా చట్టం ప్రాచీన ఆయుధంగా లెక్కించేది 1898 వరకు తయారైనవాటినే.

నకిలీల గురించి తప్పకుండా తెలుసుకోవాలి. స్పెయిన్‌లోని ఐబార్ పట్టణంలో స్మిత్ అండ్ వెసన్‌ను పోలిన రివాల్వర్లు కుప్పలుగా చేశారు. కొన్నిటి మీద "ఈ తూటాలు స్మిత్ అండ్ వెసన్‌కు సరిపోతాయి" అనే అర్థం వచ్చే రాత ఉంటుంది, సగం చదివినవాడు అదే కంపెనీ పేరనుకుంటాడు. సరిహద్దు అవతలి దర్రా ఆదమ్ ఖేల్‌లో చేతితో చేసినవాటి మీద అక్షరాలు వంకరగా ఉంటాయి, స్పెల్లింగ్ తప్పుతుంది, సీరియల్ నంబర్లు నమ్మలేము. 1950ల చివరి నుంచి ఇటలీలో చేస్తున్న నమూనాలు చూడటానికి ముచ్చటగా ఉంటాయి, ఇటలీ ముద్రలే వాటిని పట్టిస్తాయి.

సేకరించేవాళ్లు విలువ కట్టేటప్పుడు మొదట చూసేది నంబర్లు. పాత కోల్ట్‌లో చట్రం మీద, గొట్టం మీద, ట్రిగ్గర్ కాపు మీద, పిడి పట్టీ మీద ఒకే సీరియల్ నంబర్ ఉండాలి. ఒక్కటి తేడా వచ్చినా భాగం మారిందని అర్థం. తర్వాత చూసేది కార్ఖానాలో పట్టించిన అసలు నీలి రంగు ఎంత మిగిలిందన్నది. ఇక్కడే మనవాళ్లు నష్టపోయేది. ఇత్తడి బిందె తోమినట్టు చింతపండు పెట్టి తోమి, గరుకు కాగితంతో రుద్ది తళతళలాడిస్తారు. రంగు పోతుంది, ముద్రలు అరుగుతాయి, నూరేళ్ల నిగారింపు అరగంటలో మాయం. పొడి బట్టతో దుమ్ము దులిపితే చాలు. పిడి ఏనుగు దంతంది అయితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా అడ్డం వస్తుంది, దంతం అమ్మకం నేరం.

అన్నిటికంటే విలువైనది కాగితం. బిల్లీ ది కిడ్ అనే దొంగను చంపిన కోల్ట్ 2021లో లాస్ ఏంజెలిస్ వేలంలో 60 లక్షల డాలర్లకు పైగా పలికింది. ఇనుముకు కాదు, దాని వెనుక తిరుగులేని ఆధారాలున్న కథకు ఆ ధర. మన ఇండ్లలో అలాంటి ఆధారం ఉర్దూలో ఉంటుంది. నిజాం కాలపు లైసెన్స్, రసీదు, ముచ్చల్కా ఏదైనా సందూక్ అడుగున ఉంటే చెత్త అని కాల్చేయకండి. వాటి మీద తేదీ తరచుగా ఫస్లీలో ఉంటుంది. హైదరాబాద్ ఫస్లీ ఏడాది అక్టోబర్‌లో, ఆజుర్ నెలతో మొదలయ్యేది. మొదటి మూడు నెలల తేదీకి 590, మిగతా నెలలకు 591 కలిపితే ఇంగ్లిష్ సంవత్సరం వస్తుంది. 1357 ఫస్లీ అంటే 1947 అక్టోబర్ నుంచి 1948 దాకా. ఉర్దూ చదవగల పెద్దమనిషి ప్రతి మండలంలో ఇంకా ఉన్నారు. ఆయన ఉండగానే చదివించి రాసిపెట్టుకోవాలి.

చట్టం సంగతి. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ సి క్లాజు ప్రకారం, పాతకాలపు నమూనా గానీ ప్రాచీన విలువ గానీ ఉండి, మరమ్మతు చేసినా పేలని ఆయుధానికి ఆ చట్టం వర్తించదు. "మరమ్మతు చేసినా" అన్న మాట గమనించండి. తుప్పు పట్టినంత మాత్రాన మినహాయింపు రాదు. 2020 ఫిబ్రవరిలో కేంద్ర హోంశాఖ నియమాలు సవరించి, యాభై ఏళ్లు దాటిన అసలు ఆయుధాలను క్యూరియోల కిందికి తెచ్చింది. దేశ పౌరులు వాటిని కలిగి ఉండటానికి లైసెన్స్ అక్కరలేదని, వాడాలన్నా, వెంట తీసుకెళ్లాలన్నా, ఒకచోటి నుంచి ఇంకోచోటికి తరలించాలన్నా మాత్రం కావాలని చెప్పింది. అంటే సంచిలో వేసుకొని హైదరాబాద్ బస్సెక్కి "ఎంత పలుకుతది" అని అడగడానికి పోవడమే తప్పవుతుంది. ఏది ఏ కోవలోకి వస్తుందో మనకు మనమే తీర్పు చెప్పుకోవడం మంచిది కాదు. లైసెన్స్ లేని తుపాకి కేసులో 2019 సవరణ తర్వాత శిక్ష రెండేళ్ల నుంచి ఐదేళ్లు.

కాబట్టి ఆయుధాన్ని కదిలించకుండా, ఫొటోలు, దొరికిన తేదీ, చోటు రాసి దరఖాస్తు పెట్టండి. ఒక ప్రతి పోలీస్ స్టేషన్‌కు, ఒకటి కలెక్టరేట్‌కు. రెండింటికీ ముద్ర వేసిన రసీదు అడిగి తీసుకోండి. లైసెన్స్ ఉన్న తాత చనిపోయి ఆయుధం ఇంట్లోనే ఉండిపోతే 21వ సెక్షన్ ప్రకారం స్టేషన్‌లో గానీ లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ జమ చేసి, వారసత్వం మీద లైసెన్స్ కోరవచ్చు. ఒక మనిషికి రెండు తుపాకుల హద్దు అక్కడా వర్తిస్తుంది. గొట్టం మూయించడం, వెల్డింగ్ చేయించడం ఊరి మిస్త్రీతో చేయించకండి. మరమ్మతుకు కూడా లైసెన్స్ ఉన్నవాళ్లే కావాలి.

అమెరికా వేలం ధరలు చూసి ఆశపడేవాళ్లకు ఇంకో మాట. వందేళ్లు దాటిన వస్తువు 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తే ప్రైవేటు మనిషి దాన్ని దేశం దాటించలేడు. అక్కడి డాలర్లు ఇక్కడి సందూక్‌కు వర్తించవు. దేశం లోపల కొనేవాడికీ కాగితాలు సరిగా ఉండాలి. రాత్రిపూట ఫోన్ చేసి నగదు ఇస్తామనే దళారి వస్తువుతో పాటు కేసును కూడా మీ పేరు మీద వదిలి పోతాడు.

కొనాలనే మోజు కాకుండా చూడాలనే కోరిక ఉన్నవాళ్లకు దారి దగ్గరే ఉంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో, చౌమహల్లా ప్యాలెస్‌లో పాత ఆయుధాలు ప్రదర్శనలో ఉన్నాయి. శుక్రవారం రెండూ మూసి ఉంటాయి, అది చూసుకొని బయల్దేరండి.