పసిబిడ్డకు నిజంగా ఏం కావాలి? మన జిల్లా చెప్పిన జవాబు



మన సంఘంలో ఎవరింట్లో బిడ్డ పుట్టినా, ఇరవై ఒకటో రోజు తొట్టెల వేడుకకు సంఘం తరఫున ఒక సంచి ఇవ్వాలన్న ఆలోచన నడుస్తోంది. ఆలోచన మంచిదే. కానీ సంచిలో ఏం పెట్టాలి? దుకాణంలో దొరికే గిఫ్ట్ బాక్సు కొంటే పని అయిపోతుందని కొందరంటున్నారు. పౌడరు, లోషను, పాలసీసా, బొమ్మ అన్నీ అందులోనే ఉంటాయి. ఇవన్నీ దండగ, మా కాలంలో ఇవేవీ లేకుండానే మీరంతా పెరగలేదా అని పెద్దవాళ్లు అంటున్నారు. తేల్చుకునే ముందు కొంత చరిత్ర చూద్దాం. ఎందుకంటే ఈ ప్రశ్నకు ప్రపంచం మొత్తం గుర్తించిన జవాబు మన పక్కనే, ఒకప్పుడు మన చాందా జిల్లాలోనే భాగమైన గడ్చిరోలిలో దొరికింది.

ముందు పెద్దవాళ్ల మాట చూద్దాం. మనలో చాలామంది పూర్వీకులు గోదావరి, ప్రాణహిత అవతల నుంచి వచ్చినవాళ్లే. కొందరు బొగ్గు గనులకు వచ్చారు. కొందరు 1945లో మొదలైన బల్లార్‌పూర్ కాగితం మిల్లుకు, ఇంకొందరు 1980లలో వచ్చిన థర్మల్ పవర్ స్టేషన్‌కు వచ్చారు. సిరొంచ వైపు వాళ్లయితే ఎక్కడి నుంచీ రాలేదు. 1874లో అప్పర్ గోదావరి జిల్లాను రద్దు చేసి ఆ తాలూకాలను చాందాలో కలిపినప్పుడు, ఊరు కదలకుండానే ఈ జిల్లావాళ్లయ్యారు. ఎటు నుంచి వచ్చినా పురిటింటి సామాను మాత్రం దాదాపు ఒకటే. మెత్తబడ్డ పాత చీరలు చింపి చేసిన పొత్తిళ్లు, గోచి గుడ్డలు, ఆముదం, సున్నిపిండి, సాంబ్రాణి, కాటుక, వసకొమ్ము, మొలతాడు, ఉగ్గుగిన్నె, దూలానికి కట్టిన చీర ఉయ్యాల. పక్కింటి మరాఠీ వాళ్ల దగ్గర ఇవే వేరే పేర్లతో ఉండేవి: దుపటే, లంగోట్, ఝబ్లే, టోప్డే, తలా వీపూ కప్పే కుంచీ. వసకొమ్ము అరగదీసే మన సాన లాగే, వాళ్లకు బాళ్‌గుటీ అరగదీసే రాయి ఉండేది.

ఈ సామానులో కొనేవి చాలా తక్కువ. పాత చీర కొత్త బట్టకన్నా మెత్తన, చెమట పీల్చుకుంటుంది, ఉతికి ఎండలో వేస్తే శుభ్రం. ఒక ఇంటి తొట్టెల పది ఇళ్లు తిరిగేది. బిడ్డ పెరిగాక జుబ్బాలు చెల్లెలి ఇంటికో, మరదలి ఇంటికో వెళ్లేవి. ఇది పేదరికం వల్ల మాత్రమే కాదు, ఏ వస్తువు ఎన్ని నెలలు పనికొస్తుందో తెలిసినవాళ్ల లెక్క కూడా.

అయితే "మీరంతా పెరగలేదా" అన్న మాటలో ఒక చిక్కుంది. పెరగని బిడ్డలు వచ్చి మనకు సమాధానం చెప్పలేరు. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి 1000 మంది బిడ్డల్లో 129 మంది ఏడాది నిండకుండానే పోయారు. 2020కి ఆ సంఖ్య 28కి తగ్గింది. ఏ ఇంట్లోనైనా నానమ్మనో అమ్మమ్మనో నెమ్మదిగా అడిగి చూడండి. "నాకు ఆరుగురు, నలుగురు దక్కారు" అనే లెక్క వినిపిస్తుంది. కాబట్టి పాతదంతా మంచిదనీ అనలేం, కొత్త వస్తువులు కొనడం వల్లే బిడ్డలు బతుకుతున్నారనీ అనలేం. మరి నిజంగా బతికించినవి ఏవి?

ఇక్కడే గడ్చిరోలి కథ వస్తుంది. 1982లో చంద్రపూర్ జిల్లాను విడదీసి గడ్చిరోలి జిల్లా చేశారు. అడవి, వాగులు, ఆసుపత్రికి దూరం. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణి బంగ్ అనే దంపతులు అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో ప్రజారోగ్యం చదివి తిరిగొచ్చి, అక్కడ సెర్చ్ అనే సంస్థ పెట్టారు. 1990లలో వాళ్లు ఊళ్లలో లెక్క తీస్తే, పుట్టిన ప్రతి 1000 మందిలో 62 మంది నెల తిరగకుండానే చనిపోతున్నారు. ఇన్‌ఫెక్షన్, పుట్టగానే ఊపిరి అందకపోవడం, నెలలు నిండకపోవడం, బరువు తక్కువ, ఒళ్లు చల్లబడటం, ఇవీ కారణాలు. చాలా కాన్పులు ఇంట్లోనే జరిగేవి. జబ్బు చేసిన పసికందును పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లే స్తోమత చాలామందికి లేదు.

బంగ్ దంపతులు ఆసుపత్రినే ఇంటికి తీసుకెళ్లారు. కొద్దిగా చదువుకున్న ఊరి ఆడవాళ్లను ఎంచుకుని తర్ఫీదు ఇచ్చారు. వాళ్లను ఆరోగ్యదూత్ అంటారు. వాళ్ల సంచిలో ఉన్నవి ఇవి: జ్వరం చూసే థర్మామీటరు, బిడ్డను తూచే తక్కెడ, దుప్పటి, బిడ్డను వెచ్చగా పెట్టే సంచి లాంటి పరుపు, ఊపిరి అందని బిడ్డకు గాలి అందించే పరికరం, ఇన్‌ఫెక్షన్‌కు యాంటీబయాటిక్ మందు, సిరంజి. అంతకుముందు న్యుమోనియా మీద పనిచేసినప్పుడు చదువురాని మంత్రసానుల కోసం పూసలతో ఒక పనిముట్టు కూడా తయారుచేశారు. పది శ్వాసలకు ఒక పూస జరపాలి. నిమిషం గడిచేలోపు ఎర్ర పూస వచ్చిందంటే ప్రమాదం. అంకెలు రాకపోయినా బిడ్డ ఊపిరి లెక్క దొరికేది.

39 ఊళ్లలో ఈ పద్ధతి నడిపారు. 47 ఊళ్లను పోల్చి చూడటానికి ఉంచారు. 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఫలితం వచ్చింది. సేవ అందిన ఊళ్లలో నెలలోపు మరణాలు 62 నుంచి సుమారు 25కు పడిపోయాయి. మిగతా ఊళ్లలో 60 దగ్గరే ఉండిపోయాయి. ఒక్కో బిడ్డకు అయిన ఖర్చు సుమారు అయిదు డాలర్లు. ఇవాళ ఒక మంచి గిఫ్ట్ బాక్సు ధర దానికన్నా ఎక్కువే ఉంటుంది.

ఆ సంచిలో అసలు బలం వస్తువులది కాదు. థర్మామీటరు ఎన్నో ఇళ్లలో ఉంటుంది, చూసేవాళ్లుండరు. అక్కడ ఒక మనిషి చెప్పిన రోజుల్లో తలుపు తట్టి వచ్చేది, బిడ్డను తూచేది, పాలు సరిగా పట్టిస్తున్నారా అని చూసేది, ఊపిరి లెక్కపెట్టేది. 2011లో భారత ప్రభుత్వం ఇదే పద్ధతిని ఆశా కార్యకర్తల ద్వారా దేశమంతటికీ తెచ్చింది. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డనైతే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో, ఇంట్లో పుడితే మొదటి రోజు కూడా ఆశా వచ్చి చూడాలి. గమనించారా, మన తొట్టెల వేడుక రోజు, ఆశా రావలసిన రోజు ఒకటే.

వెచ్చదనం గురించి ఇంకో చోటు నుంచి వచ్చిన పాఠం కూడా చెప్పాలి. 1970ల చివర్లో కొలంబియా దేశపు బొగొటాలో ఇంక్యుబేటర్లు చాలక, ఎడ్గార్ రే, హెక్టర్ మార్టినెజ్ అనే డాక్టర్లు తక్కువ బరువు బిడ్డలను తల్లి గుండెల మీద చర్మానికి చర్మం తగిలేలా పెట్టించారు. దాన్నే కంగారూ మదర్ కేర్ అంటున్నాం. భారత్‌తో సహా అయిదు దేశాల్లో చేసిన అధ్యయనం 2021లో వెలువడింది. పుట్టిన వెంటనే ఇలా పెడితే తక్కువ బరువు బిడ్డల మరణాలు నాలుగో వంతు తగ్గాయని తేలింది. కంగారూ పద్ధతికి కావలసిన సామాను ఒక తల్లి, ఒక గుడ్డ. తల్లి అలసిపోతే తండ్రి ఛాతీ కూడా పనికొస్తుంది.

ఇక సంచులు ఇచ్చే ఆచారం. ఇది మనం మొదలుపెట్టింది కాదు. ఫిన్లాండ్ 1938 నుంచి పేద తల్లులకు, 1949 నుంచి అందరు తల్లులకూ బిడ్డ బట్టలు, పరుపు ఉన్న పెట్టె ఇస్తోంది. దానికి ఒక షరతు పెట్టింది. నాలుగో నెల దాటకముందే తల్లి పరీక్ష చేయించుకోవాలి. పెట్టె ఒక సాకు, తల్లిని ఆసుపత్రి గడప ఎక్కించడమే అసలు పని. మన దగ్గర తమిళనాడు 2015లో, ఆంధ్రప్రదేశ్ 2016లో, తెలంగాణ 2017లో, మహారాష్ట్ర 2019లో ఇలాంటి కిట్లు తెచ్చాయి. తెలంగాణ కేసీఆర్ కిట్‌లో వస్తువులతో పాటు మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000 రూపాయలు పరీక్షలు, కాన్పు, టీకాలతో ముడిపెట్టి విడతలుగా ఇచ్చారు. కిట్‌లోని పౌడరు, షాంపూల గురించే అందరూ మాట్లాడుకున్నారు. తల్లికి మేలు చేసేవి మాత్రం ఆ పరీక్షలు, ఆ టీకాలే.

బజారు చరిత్ర వేరు. గ్రైప్ వాటర్ 1851లో ఇంగ్లండ్‌లో విలియం వుడ్‌వర్డ్ తయారుచేసింది. మొదట్లో అందులో ఆల్కహాలు ఉండేది. బిడ్డ ఏడుపు ఎందుకు ఆగేదో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు. పాలపొడి, సీసాల ప్రచారం 1970లలో ప్రపంచమంతా గొడవైంది. చివరకు 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమావళి వచ్చింది. మన దేశం 1992లో ఏకంగా చట్టమే చేసింది. పాలసీసాలకు, పాలపొడికి ప్రకటనలు చేయకూడదు, ఉచిత శాంపిళ్లు పంచకూడదు. ప్రభుత్వం ప్రకటననే నిషేధించిన వస్తువును మనం సంఘం పేరుతో బహుమతిగా ఇవ్వడం బాగుండదు. చక్రాల వాకర్లను కెనడా 2004లో నిషేధించింది. టాల్క్ బేబీ పౌడరును జాన్సన్ అండ్ జాన్సన్ 2023లో ప్రపంచమంతటా ఆపేసింది.

ఇంత చూశాక, నాకు తోచిన లెక్క ఇది.

సంచిలో తప్పక ఉండాల్సినవి: మెత్తటి నూలు బట్టలు, ఎక్కువ జతలు, నెలల సైజు కాస్త పెద్దగా. టోపీ, మేజోళ్లు, ఒక దుప్పటి. పుట్టింది డిసెంబరులో అయితే ఇవి ప్రాణం కాపాడతాయి. మన ఊళ్లో 45 డిగ్రీలు దాటే మే నెలలో అయితే పల్చటి జుబ్బా ఒక్కటే చాలు, చలికాలం సంచి, ఎండాకాలం సంచి వేరుగా ఉండాలి. దోమతెర, ఇది అలంకారం కాదు, మన ప్రాంతంలో మలేరియా ఉంది. డిజిటల్ థర్మామీటరు, చేతులు కడుక్కోవడానికి సబ్బు. వీటన్నిటికన్నా ముందు తల్లి తినడానికి పప్పు, నూనె, నెయ్యి, గుడ్లకు సరిపడా డబ్బు. పథ్యం పేరుతో బాలింతకు ఒట్టి అన్నం పెడితే ఏ సంచి ఇచ్చినా లాభం లేదు.

కొనకుండా తిప్పుకోవలసినవి: తొట్టెల, చిన్న బట్టలు, స్నానపు తొట్టి, స్ట్రోలర్. మన గల్లీల గతుకుల్లో స్ట్రోలర్ ఎంత నడుస్తుందో అందరికీ తెలుసు. ఇవి సంఘం గదిలో ఒక అలమారాలో ఉంటే ఏడాదికి ఎన్నో ఇళ్లు తిరుగుతాయి. పాత తరం చేసిందే ఇది.

వద్దనుకోవలసినవి: పాలసీసా, పౌడరు, వాకర్, గ్రైప్ వాటర్, కాటుక, ఆవాల దిండు. వస, బాళ్‌గుటీ కూడా వద్దు. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బిడ్డను దిండు లేకుండా వెల్లకిలా పడుకోబెట్టాలి. బొడ్డుకు ఏమీ రాయకూడదు. తల్లిపాలు అందని బిడ్డకు డాక్టరు వేరే పాలు రాస్తే అది వేరు, దానికి ఎవరూ తల్లిని నిందించకూడదు. అప్పుడు కూడా సీసా కాకుండా చెంచానో గిన్నెనో వాడమంటారు. మన ఉగ్గుగిన్నె రూపమే ఇవాళ పసిపిల్లల ఆసుపత్రుల్లో పలాడై పేరుతో కనిపిస్తుంది. అంటే అమ్మమ్మల సామానులో నిలిచిన వస్తువు గిన్నె, నిలవనిది దాంట్లో పోసిన వస.

ఈ మాట ఎందుకింత పొడుగు చెబుతున్నానంటే, మన సంఘంలో కాంట్రాక్టు పనికి వెళ్లే కుర్రాళ్లున్నారు. మొదటి బిడ్డకు అన్నీ కొనాలని వాయిదాల మీద తెచ్చి, మూడో నెలలో వాయిదా కట్టలేక తల్లి పాలగ్లాసు తగ్గించే ఇళ్లు ఉన్నాయి. పక్కింట్లో ఉన్నది మనింట్లో లేకపోతే చిన్నతనమన్న భయం వాళ్లది. ఆ భయాన్ని సంఘం తీయగలదు. పదవుల్లో ఉన్నవాళ్లు, జీతం బాగా వచ్చేవాళ్లు తమ మనవళ్లకు ముందు అలమారాలో తొట్టెల వాడితే, తక్కిన వాళ్లకు సిగ్గుండదు.

సంచి మీద బొమ్మ అచ్చు వేయిద్దామని ఒక ప్రతిపాదన ఉంది. బొమ్మ బదులు ఒక కాగితం పెడదాం, తెలుగులోనూ మరాఠీలోనూ. బిడ్డ పాలు తాగడం మానేసినా, నిమిషానికి 60 సార్లకు పైగా ఊపిరి తీసినా, డొక్కలు లోపలికి పోతున్నా, ఒళ్లు కాలినా, చల్లబడినా, సోలిపోయినా, ఫిట్స్ వచ్చినా, అరికాళ్లు పసుపు పచ్చగా మారినా రాత్రని చూడకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఆ కాగితం కింద మీ వార్డు ఆశా ఫోను నంబరు రాయడానికి ఒక గీత వదులుదాం. సంచి ఇచ్చేవాళ్లే ఆ నంబరు కనుక్కుని, గీత నింపి ఇవ్వాలి.