బెక్స్‌హిల్ తీరము, మన రబ్బరు తోటలు



మేము ముప్పై ఏళ్ళకు పైగా బడిలో చరిత్ర పాఠములు చెప్పినవారము. మాది సాయంత్రపు తరగతులలో కూర్చుని నేర్చుకొన్న తెలుగు. తప్పులుంటే పెద్దలు మన్నించగలరు. ఈ సంచికకు వ్యాసము వ్రాయమని కోరినప్పుడు, మేము ఒకసారి చూసి వచ్చిన ఇంగ్లండు దేశపు సముద్రతీర పట్టణము మనసులో మెదిలినది. "పండుగ పూట ఆ దొరల ఊరి గొడవ మనకెందుకు?" అని కొందరు అడగవచ్చును. ఆ ఊరి వీధికీ మన తాతల తోటలకూ నడుమ ఒక దారి ఉన్నది. దానిని చూపించుటకే ఈ ప్రయత్నము.

ఆ ఊరి పేరు బెక్స్‌హిల్. ఇంగ్లండు దక్షిణ తీరమున, ససెక్స్ సీమలో, ఈస్ట్‌బోర్న్, హేస్టింగ్స్ పట్టణముల మధ్య ఉన్నది. ఊరు పాతదే. 772లో ఆఫా అనే రాజు ఇచ్చిన దానపత్రములో దాని పేరు కనబడుతుంది. కాని వెయ్యేళ్ళకు పైగా అది కొండమీది పల్లెటూరే. 1846లో రైలు వచ్చినది. 1880 తరువాత ఆ నేలకు యజమాని అయిన ఏడవ డి లా వార్ ప్రభువు సముద్రపు ఒడ్డున కొత్త ఊరు కట్టించ మొదలుపెట్టినాడు. లండనులోని కలవారు గాలి మార్పుకు వస్తారు, హోటళ్ళు నడుస్తాయి, భూమి ధర పెరుగుతుంది అని ఆయన లెక్క. 1896లో ఆస్తికి వచ్చిన కుమారుడు, ఎనిమిదవ ప్రభువు, ఇంకా హుషారు మనిషి. అదే సంవత్సరము తీరమున వినోదశాల తెరిపించినాడు. సైకిళ్ళు తొక్కుటకు ప్రత్యేకమైన బాట వేయించినాడు.

1901 జనవరిలో విక్టోరియా రాణి మరణించినది. ఏడవ ఎడ్వర్డ్ రాజైనాడు. ఆ రోజులలో సముద్రస్నానమునకు ఆడవారికి ఒకచోటు, మగవారికి ఒకచోటు. 1901లోనే బెక్స్‌హిల్‌లో ఇద్దరూ ఒకేచోట స్నానము చేయవచ్చునని అనుమతి ఇచ్చినారు. ఇంగ్లండులో అట్లా చేసిన మొదటి ఊళ్ళలో అది ఒకటి. ఈనాడు మన పిల్లలకు ఇది నవ్వు పుట్టించవచ్చును. ఆనాడు అది పెద్ద వార్త.

తరువాతి సంవత్సరము, 1902, ఆ ఊరి చరిత్రలో ముఖ్యమైనది. మే 19వ తేదీన డి లా వార్ ప్రభువు తన తీరపు బాటమీద మోటారు కార్ల పందెములు జరిపించినాడు. బ్రిటన్ గడ్డమీద జరిగిన మొదటి మోటారు పందెములు అవే. అప్పటి చట్టము రోడ్డుమీద మోటారు బండి వేగమునకు హద్దు పెట్టినది. కాని ఆ బాట ప్రభువుగారి సొంత నేల గనుక చట్టము అక్కడ అడ్డురాలేదు. వేలాది మంది చూడవచ్చినారు. లియాన్ సెర్పొలే అనే ఫ్రెంచివాడు ఆవిరితో నడిచే కారులో గంటకు 54 మైళ్ళ వేగమున దూసుకొనిపోయినాడు. గుడ్డు ఆకారములో ఉన్నందున ఆ కారుకు 'ఈస్టర్ గుడ్డు' అని పేరు.

అప్పుడు ప్రపంచములో ఏమి జరుగుచున్నది? దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధము చివరికి వచ్చినది. ఆ యుద్ధమునకు మన ప్రభువుగారు కూడ పత్రికా విలేఖరిగా వెళ్ళి వచ్చినవారే. మే 31న ప్రిటోరియాలో సంధి పత్రము మీద సంతకములు పడినవి. మరునాడే, జూన్ 1న, బెక్స్‌హిల్‌కు రెండవ రైలు మార్గము తెరచినారు. ఆ ఏడే ఊరికి పురపాలక హోదా వచ్చినది. జూన్ 26న జరుగవలసిన రాజుగారి పట్టాభిషేకము ఆయనకు కడుపులో శస్త్రచికిత్స జరిగినందున ఆగి, ఆగస్టు 9న జరిగినది. ఊరూరా కట్టిన తోరణములు అంతవరకు వేచి ఉండవలసి వచ్చినది.

ఇక మన దారికి వస్తాము. మోటారు కారు పరుగెత్తవలెనంటే గాలి నింపిన రబ్బరు టైరు కావలెను. 1902లో ఆ రబ్బరు ఎక్కడిది? ఎక్కువ భాగము బ్రెజిల్ అడవులలోని చెట్లనుండి, కొంత ఆఫ్రికాలోని కాంగోనుండి. కాంగోలో బెల్జియం రాజు లియోపోల్డ్ మనుషులు రబ్బరు తేలేని పల్లెవాసులను చంపినారు, చేతులు నరికినారు. బ్రిటిష్ కాన్సలు రోజర్ కేస్‌మెంట్ తాను విచారించి తెలుసుకొన్నదంతా వ్రాయగా, ఆ నివేదిక 1904లో వెలువడినది. లోకము అసహ్యించుకొన్నది. 1908లో లియోపోల్డ్ చేతినుండి కాంగో తీసివేయబడినది.

ఇంతలో రబ్బరు మొక్క మలయాలో వేరు పట్టినది. హెన్రీ వికమ్ 1876లో బ్రెజిల్‌నుండి సుమారు 70,000 గింజలు లండను దగ్గరి క్యూ తోటకు చేర్చినాడు. 1877లో 22 మొక్కలు సింగపూరుకు వచ్చినవి. వాటిలో కొన్ని పేరాక్‌లోని కువాలా కంగ్సార్‌లో నాటినారు. సింగపూరు తోట అధికారి హెన్రీ రిడ్లీ చెట్టు చావకుండా బెరడు చెక్కి పాలు తీసే పద్ధతి కనిపెట్టి, రబ్బరు వేయండి అని కాఫీ తోటల దొరల వెంటపడినాడు. ఆయనకు పిచ్చి అని వారు నవ్వినారు. ఇక్కడ లాభము కొరకు మొదట రబ్బరు తోట వేసినవారిలో ఒకరు మలాకాలోని టాన్ చే యాన్, 1896లో. కార్లు పెరిగినకొద్దీ దొరలు నవ్వుట మాని అడవులు కొట్టించినారు. 1910 వసంతములో లండను బజారులో పౌను రబ్బరు 12 షిల్లింగులు దాటినది.

అడవి కొట్టుటకు, చెట్టు చెక్కుటకు మనుషులు కావలెను. 1907లో తోటల యజమానులవద్ద పన్ను వసూలు చేసి, కూలీల ఓడ ఖర్చుకు ఒక నిధి ఏర్పాటైనది. 1910లో గిరిమిటి ఒప్పందములు ఆగిపోయి, కంగాణి పద్ధతి బలపడినది. తమిళ దేశమునుండి ఎక్కువమంది వచ్చినారు. విశాఖపట్నము వైపునుండి మనవారు వచ్చినారు. మా నాయనమ్మ వారిలో ఒకతె. తెల్లవారుజామున లాంతరు పట్టుకొని చెట్ల వరుసలలోకి పోయేది. ఎండ ఎక్కితే పాలు కారవు. మా చిన్నతనములో తోట దారిన బస్సు వచ్చి ఆగితే, దాని చక్రము మీద చెయ్యి వేసి "ఇది మన చెట్టు పాలేరా" అనేది. మేము నవ్వేవారము. చాలా ఏళ్ళకు, బెక్స్‌హిల్ పొలిమేరలో "బ్రిటిష్ మోటారు పందెముల పుట్టినిల్లు" అని వ్రాసిన పలక చూచినప్పుడు, ఆ మాట మా చెవిలో మళ్ళీ వినబడినది.

1910 మే 6న ఏడవ ఎడ్వర్డ్ పోయినాడు. 1911లో అయిదవ జార్జి పట్టాభిషేకమునకు గుర్తుగా బెక్స్‌హిల్ తీరమున స్తంభముల మంటపము కట్టినారు. ఆ సంవత్సరమే సెప్టెంబరు 18న, ఆరోగ్యము కొరకు ఆ ఊరు వచ్చిన కూచ్‌బిహార్ మహారాజు నృపేంద్ర నారాయణ్ అక్కడ కన్నుమూసినారు. కేశవచంద్ర సేన్‌గారి అల్లుడు ఆయన. ఆయన పేరిట 1913లో తీరమున మంచినీటి ఫౌంటెను నిలిపినారు. మరుసటి ఏడు మహాయుద్ధము వచ్చినది. పందెములు జరిపించిన ప్రభువు నౌకాదళములో చేరి, 1915లో ఇటలీలోని మెస్సీనాలో జ్వరముతో మరణించినాడు. మహారాజు ఫౌంటెనును తరువాత ఎగర్టన్ పార్కుకు మార్చినారు. మరి కొన్నాళ్ళకు బాగుచేయుటకని విప్పి, రాళ్ళు ఎక్కడో పోగొట్టినారు. రాజుగారికి కట్టిన రాయి కూడ కాపాడేవారు లేకపోతే నిలువలేదు.

మరి మనవారి సంగతి? మేము హైస్కూలులో ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకము తేదీ కంఠస్థము చేసినాము. తరువాత బల్ల ఎదుట నిలబడి మన పిల్లలచేత కూడ చేయించినాము. మా నాయనమ్మ అప్పటికి ఇంట్లోనే, వసారాలో కూర్చుని ఉండేది. "మీ ఊరు ఏది?" అని మేము ఎన్నడూ అడుగలేదు. ఇశాపట్నము దగ్గర అని మాత్రము ఎప్పుడో అన్నది. ఆ పల్లె పేరు ఆమెతోనే పోయినది. ఇందుకు దొరలను నిందించి లాభము లేదు. ఆ తప్పు మాదే.

కాబట్టి యువతీ యువకులకు మా మనవి ఒక్కటే. ఉగాది పచ్చడి తిన్న తరువాత మీ ఇంటి పెద్దలవద్ద ఒక నోటుపుస్తకము పట్టుకొని కూర్చోండి. ఊరిపేరు, ఓడపేరు, తోటపేరు, కంగాణి పేరు, ఏది జ్ఞాపకముంటే అది వ్రాసుకోండి. తెలుగులో వ్రాయలేకపోతే వచ్చిన భాషలోనే వ్రాయండి. తెలుగు తరువాత నేర్చుకోవచ్చును, మేము యాభై దాటిన తరువాతనే అక్షరములు దిద్దినాము. పెద్దలు మాత్రము మనకొరకు ఆగరు.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు.